ఆ ఆబ్జెక్టు ఎంతసేపు బతుకుతుంది? సర్వర్ ప్రోగ్రామింగ్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి వచ్చినవే. ఊళ్లు వేరు, ఫ్రేమ్‌వర్కులు వేరు. అయినా చాలా ప్రశ్నల వేరు ఒకే చోట ఉంది. క్లాసు, ఆబ్జెక్టు, ఇన్‌హెరిటెన్స్ కాలేజీలో బాగానే చెబుతారు. సర్వర్లో ఆ ఆబ్జెక్టు ఎప్పుడు పుడుతుంది, ఎప్పుడు పోతుంది, దాన్ని ఎంతమంది ఒకేసారి వాడుతున్నారు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ప్రశ్న: స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్కులో హాస్టల్ మెస్ బిల్లుల ప్రాజెక్టు చేస్తున్నాం. నా లాప్‌టాప్‌లో బాగా నడుస్తోంది. ల్యాబ్‌లో నలుగురం లాగిన్ అయ్యేసరికి ఒకరి బిల్లు ఇంకొకరికి కనిపిస్తోంది. లాగిన్ అయిన విద్యార్థి వివరాలు కంట్రోలర్ క్లాసులో (బ్రౌజర్ నుంచి వచ్చే రిక్వెస్టులు అందుకునే క్లాసులో) ఒక ఫీల్డుగా పెట్టుకున్నాం. ఎక్కడ తప్పు జరిగిందండీ? — బీటెక్ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: ఆ ఫీల్డే తప్పమ్మా. మామూలు జావా ప్రోగ్రాములో ఆబ్జెక్టును మీరే ‘న్యూ’ అని పుట్టిస్తారు, పని కాగానే వదిలేస్తారు. స్ప్రింగ్‌లో కంట్రోలర్‌ను పుట్టించేది మీరు కాదు, ఫ్రేమ్‌వర్కు. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు ఒక్క ఆబ్జెక్టు చేసి పెట్టుకుంటుంది. మనం వేరే ఏమీ చెప్పకపోతే స్ప్రింగ్ పాటించే పద్ధతి ఇదే, దీన్ని సింగిల్టన్ స్కోప్ అంటారు. అప్లికేషన్ ఆగేదాకా వచ్చే రిక్వెస్టులన్నీ ఆ ఒక్క కంట్రోలర్ దగ్గరికే వస్తాయి. అదీ వరసలో కాదు, ఒకేసారి. లోపలున్న టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ ఒక్కో రిక్వెస్టును ఒక్కో థ్రెడ్‌కు, అంటే పక్కపక్కనే నడిచే ఒక్కో పనివరసకు, అప్పగిస్తుంది. సెట్టింగు మార్చకపోతే అలాంటివి 200 దాకా నడుస్తాయి. అంటే మీ ‘ప్రస్తుత విద్యార్థి’ ఫీల్డు అందరికీ కలిపి ఒక్కటే. చివరగా లాగిన్ అయిన వాళ్ల పేరు అందులో ఉంటుంది, మిగతా అందరికీ అదే కనిపిస్తుంది.

లాప్‌టాప్‌లో ఎందుకు బయటపడలేదంటే అక్కడ వాడింది మీరొక్కరే కాబట్టి. ఇప్పుడే పరీక్షించి చూడండి: క్రోమ్‌లో ఒక పేరుతో, ఫైర్‌ఫాక్స్‌లో ఇంకో పేరుతో లాగిన్ అవండి. మళ్లీ క్రోమ్‌కు వచ్చి పేజీ రిఫ్రెష్ చేయండి. రెండో పేరు కనిపిస్తుంది. ఏ వెబ్ ప్రాజెక్టునైనా అప్పగించే ముందు ఈ రెండు బ్రౌజర్ల పరీక్ష చేయకుండా వదలొద్దు.

సరిచేయడం కష్టం కాదు. కంట్రోలర్లో, సర్వీసులో ఫీల్డులుగా ఉండదగినవి ఇతర సర్వీసులు, రిపాజిటరీలు (డేటాబేసుతో మాట్లాడే క్లాసులు), మారని సెట్టింగులు మాత్రమే. వాటిని కన్‌స్ట్రక్టర్ ద్వారా తీసుకుని ‘ఫైనల్’ అని రాయండి. అలా రాస్తే తర్వాత ఎవరైనా పొరపాటున విలువ మార్చబోయినా కంపైలరే ఆపేస్తుంది. ఒక మనిషికి సంబంధించిన సమాచారం మెథడ్ పారామీటరుగా రావాలి లేదా లోకల్ వేరియబుల్‌గా ఉండాలి. లాగిన్ అయినది ఎవరో తెలియాలంటే స్ప్రింగ్ సెక్యూరిటీ ఇచ్చే ‘ప్రిన్సిపల్’ను మెథడ్ పారామీటరుగా అడగండి, ఆ రిక్వెస్టుకు చెందినదే వస్తుంది.

అంతటితో అయిపోయిందనుకోవద్దు. బిల్లు పేజీ అడ్రసు చివర 57 అని ఉందనుకోండి. దాన్ని 58 చేసి ఎంటర్ కొడితే పక్క గది అమ్మాయి బిల్లు వస్తోందా? వస్తే, ఫీల్డు తీసేసినా మీ మొదటి సమస్య ఇంకో దారిలో బతికే ఉంది. బిల్లును ఐడీతో మాత్రమే వెతక్కుండా ‘ఈ ఐడీ, ఈ విద్యార్థి’ అని రెండు షరతులతో వెతకండి. దొరక్కపోతే 404, అంటే ‘దొరకలేదు’ అనే జవాబు, పంపండి.

ఈ విషయంలో ఫ్రేమ్‌వర్కులన్నీ ఒకేలా ఉండవు. పైథాన్ ఫ్రేమ్‌వర్కు జాంగోలో క్లాసుతో రాసిన వ్యూ (రిక్వెస్టుకు జవాబిచ్చే కోడు) ప్రతి రిక్వెస్టుకూ కొత్తగా పుడుతుంది, కాబట్టి సెల్ఫ్ మీద, అంటే ఆ ఆబ్జెక్టులో, పెట్టిన విలువ ఇతరులకు అంటదు. కానీ క్లాసు మొదట్లోనే ఖాళీ లిస్టు ఒకటి రాసి, దానికి చేర్చుకుంటూ పోతే ఆ ప్రాసెస్ ఉన్నంతకాలం అది అందరి ఉమ్మడి లిస్టే. పీహెచ్‌పీ మామూలుగా నడిచే పద్ధతిలో రిక్వెస్టు ముగియగానే ఆబ్జెక్టులన్నీ పోతాయి. అందుకే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్కు లారావెల్ నుంచి స్ప్రింగ్‌కు వచ్చినవాళ్లు ఈ తప్పు ఎక్కువగా చేస్తారు. లారావెల్‌లోనూ ఆక్టేన్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే అప్లికేషన్ మెమరీలోనే నిలిచి ఉంటుంది, అప్పుడు స్ప్రింగ్‌లో పడే జాగ్రత్తలే అక్కడా పడాలి.

ప్రశ్న: సర్వర్ రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ కస్టమర్లందరూ లాగౌట్ అయిపోతున్నారు, కార్టులో పెట్టుకున్న చీరలు మాయమవుతున్నాయి. ఇదీ స్ప్రింగ్ బూటే. — బట్టల షాపు సైటు చూసుకునే పాఠకుడు, కావలి

జవాబు: బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. ఒక రిక్వెస్టుకూ మరో రిక్వెస్టుకూ సంబంధం ఉందని దానికి తెలియదు. ఆ సంబంధాన్ని కలిపేది సెషన్. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది సెషన్ కుకీ: బ్రౌజర్ దగ్గర నంబరు మాత్రమే ఉంటుంది, అసలు సరుకు సర్వర్ దగ్గర ఉంటుంది. ఆ సరుకును మీ సర్వర్ జావా మెమరీలో దాచింది. ప్రాసెస్ ఆగితే మెమరీ పోతుంది, కొత్త ప్రాసెస్‌కు పాత నంబరు ఎవరిదో తెలియదు. రేపు రద్దీ పెరిగి రెండో సర్వర్ పెడితే ఇబ్బంది ఇంకా ముదురుతుంది. ఒక క్లిక్కు ఈ సర్వర్‌కు, మరో క్లిక్కు ఆ సర్వర్‌కు పోయి కార్టు ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు.

స్ప్రింగ్ సెషన్ అనే లైబ్రరీ చేర్చి, సెషన్లను డేటాబేసులో గానీ రెడిస్ అనే మెమరీ స్టోరులో గానీ పెట్టండి. మీ స్థాయి షాపుకు డేటాబేసు చాలు, రెడిస్ కోసం ఇంకో సర్వీసు నడపక్కర్లేదు. కార్టును మాత్రం సెషన్లోంచి తీసి సొంత టేబుల్లో పెట్టమని నా సలహా. సెషన్ గడువు టామ్‌క్యాట్‌లో మామూలుగా 30 నిమిషాలే. చీర ఎంచుకుని, ఇంట్లో అడిగి, సాయంత్రం కొనేవాళ్లకు అది సరిపోదు.

సెషన్లో ఐడీలు దాచండి, ఆబ్జెక్టులు వద్దు. పొద్దున ‘చీర’ ఆబ్జెక్టును సెషన్లో పెడితే మధ్యాహ్నం ధర మారినా అందులో పాత ధరే ఉంటుంది. పైగా క్లాసులో ఒక ఫీల్డు చేర్చి కొత్త వెర్షన్ ఎక్కిస్తే, దాచిన పాత ఆబ్జెక్టు తిరిగి చదవడానికి రాక ఎర్రర్ రావచ్చు. కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ (పేజీలోని జావాస్క్రిప్టు దాన్ని చదవకుండా), సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్లేలా) రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: గ్రానైట్ బ్లాకుల జాబితా చూపించే సైటు జాంగోలో చేశాను. పరీక్షించేటప్పుడు పది బ్లాకులతో రెప్పపాటులో వచ్చేది. ఇప్పుడు 200 బ్లాకులు పెట్టాక పేజీ తెరుచుకోవడానికి మూడు నాలుగు సెకన్లు పడుతోంది. సర్వర్ పెద్దది తీసుకోవాలా? — పాఠకుడు, చీమకుర్తి

జవాబు: వద్దు, డబ్బు ఖర్చు పెట్టకండి. ప్రతి బ్లాకు పక్కన క్వారీ పేరు, కొన్నవారి పేరు, ఫొటోలు చూపిస్తున్నారని మీరు పంపిన టెంప్లేటు (పేజీ నమూనా ఫైలు) చెబుతోంది. వ్యూలో ‘అన్ని బ్లాకులూ ఇవ్వు’ అన్నది ఒక్క క్వెరీ, అంటే డేటాబేసును ఒకసారి అడగడం. తర్వాత టెంప్లేటులోని లూప్ ఒక్కో బ్లాకు దగ్గర ‘క్వారీ పేరు’ అనగానే ఓఆర్‌ఎం (టేబుల్ వరుసలను ఆబ్జెక్టులుగా మార్చి ఇచ్చే భాగం) డేటాబేసుకు వెళ్లి ఆ ఒక్క క్వారీని తెస్తుంది. కొన్నవారి కోసం మరోసారి, ఫొటోల కోసం ఇంకోసారి. లెక్క కడితే 1 + 200 + 200 + 200, మొత్తం 601 క్వెరీలు. డేటాబేసు అదే మెషీన్లో ఉండి ఒక్కో క్వెరీకి ఒక మిల్లీసెకను పడితే అర సెకనుకు కాస్త పైన. డేటాబేసు వేరే మెషీన్లో ఉండి రానూపోనూ 5 మిల్లీసెకన్లు పడితే 3 సెకన్లు. సర్వర్ ఎంత పెద్దదైనా ఈ ప్రయాణాల సంఖ్య తగ్గదు.

ఇదే ఎన్ ప్లస్ వన్ సమస్య: జాబితాకు ఒక క్వెరీ, అందులోని ఎన్ వరుసలకు మరో ఎన్. ఓఆర్‌ఎం ఇచ్చే హాయి వల్లే ఇది వస్తుంది: చుక్క పెట్టి ఫీల్డు పేరు రాస్తే అది మెమరీలోంచి వస్తోందో, డేటాబేసు దాకా వెళ్లొస్తోందో కోడు చూస్తే తెలియదు.

మందు రెండు భాగాలు. ఒక బ్లాకుకు ఒకే క్వారీ, ఒకే కొనుగోలుదారు ఉంటారు. ఇలాంటి ఫారిన్ కీ సంబంధాలకు (ఒక టేబుల్ వరుస ఇంకో టేబుల్లోని ఒక్క వరుసను చూపేవాటికి) క్వెరీసెట్ మీద సెలెక్ట్ రిలేటెడ్ వాడి, రెండు పేర్లూ ఇవ్వండి. జాయిన్‌తో ఒకే క్వెరీలో వస్తాయి. ఒక బ్లాకుకు ఫొటోలు చాలా ఉంటాయి. అలాంటివాటికి ప్రీఫెచ్ రిలేటెడ్. అది 200 బ్లాకుల ఫొటోలనూ ఇంకొక్క క్వెరీలో తెచ్చి, ఏ బ్లాకువి ఆ బ్లాకుకు పంచుతుంది. 601 కాస్తా 2 అవుతాయి. పేజీకి 50 చొప్పున విడగొడితే మొత్తం ఎన్నో లెక్కించే క్వెరీ ఒకటి కలిసి 3.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ప్రీఫెచ్ చేశాక లూప్ లోపల ‘ఈ బ్లాకు ఫొటోల్లో ముందు వైపుది మాత్రమే’ అని ఫిల్టర్ పెడితే, తెచ్చిపెట్టుకున్నదాన్ని పక్కన పడేసి మళ్లీ డేటాబేసుకే వెళ్తుంది. లూప్ లోపల క్రమం మార్చినా అంతే. వడపోత కావాలంటే ప్రీఫెచ్ అనే క్లాసుకు వడపోసిన క్వెరీసెట్‌ను ఇచ్చి, వ్యూలోనే ఆ పని ముగించండి.

జాంగో డీబగ్ టూల్‌బార్ పెట్టుకుంటే పేజీ పక్కనే క్వెరీల సంఖ్య కనిపిస్తుంది. పది వరుసలకూ రెండొందల వరుసలకూ ఆ సంఖ్య ఒకటే ఉండాలి. వరుసలతోపాటు అదీ పెరుగుతోందంటే ఎక్కడో ఒక చుక్క డేటాబేసుకు పోయొస్తోంది. ఇక పేజీ అడుగున చూపే మొత్తం ఘనపరిమాణం కోసం బ్లాకులన్నీ పైథాన్‌లోకి తెచ్చి కూడొద్దు. అగ్రిగేట్‌తో డేటాబేసునే కూడమనండి.

ప్రశ్న: నిమ్మకాయల కొనుగోలు ఎంట్రీలు ఫోన్లో చేస్తాం. సిగ్నల్ సరిగా లేనప్పుడు ఒకే బస్తా రెండుసార్లు పడుతోంది. బటన్ ఒకసారి నొక్కాక మళ్లీ పనిచేయకుండా జావాస్క్రిప్టుతో ఆపాను, అయినా అప్పుడప్పుడూ వస్తోంది. — పాఠకుడు, పొదలకూరు

జవాబు: ఇందులో రెండు వేర్వేరు జబ్బులు కలిసి ఉన్నాయి. ఎంట్రీ అయ్యాక అదే పోస్ట్ రిక్వెస్టుకు (ఫారం సమాచారాన్ని సర్వర్‌కు పంపేదానికి) జవాబుగా పేజీ పంపుతుంటే, వాడేవాళ్లు రిఫ్రెష్ చేసినప్పుడు బ్రౌజర్ ఆ పోస్టునే మళ్లీ పంపుతుంది. పోస్టు పని కాగానే 303 అనే మళ్లింపు కోడుతో మరో పేజీకి మళ్లించండి. అప్పుడు రిఫ్రెష్ చేసినా గెట్ (పేజీ చూపమని అడిగే రిక్వెస్టు) మాత్రమే వెళ్తుంది.

రెండోది మళ్లింపుతో పోదు. మొదటి రిక్వెస్టు సర్వర్‌కు చేరింది, ఎంట్రీ పడింది, జవాబు తిరిగి రాలేదు. అవతలి మనిషి పోలేదనుకుని పేజీలో మళ్లీ నొక్కాడు. సర్వర్ దృష్టిలో ఇవి రెండు వేర్వేరు రిక్వెస్టులు. అందుకే ఫారం చూపించేటప్పుడే సర్వర్ ఒక యూయూఐడీ (మళ్లీ రాని గుర్తింపు సంఖ్య) తయారుచేసి దాచిన ఫీల్డులో పెట్టాలి, ఎంట్రీతోపాటు దాన్నీ టేబుల్లో రాయాలి, ఆ కాలమ్‌కు యునీక్ ఇండెక్స్ ఉండాలి. రెండోసారి అదే యూయూఐడీ వస్తే డేటాబేసు ఒప్పుకోదు. ఆ ఎర్రర్‌ను పట్టుకుని, మొదటి ఎంట్రీనే చూపించండి. ‘ముందు ఉందో లేదో చూసి, లేకపోతే రాద్దాం’ అని కోడులో తనిఖీ పెడితే చాలదు. రెండూ ఒకేసారి వస్తే రెండు తనిఖీలకూ ‘లేదు’ అనే జవాబు వస్తుంది.

ప్రశ్న: ఎరువుల దుకాణంలో రెండు బిల్లింగ్ కౌంటర్లు. గోడౌన్‌లో లేని యూరియా బస్తాలు కంప్యూటర్లో ఉన్నట్టు చూపిస్తోంది. స్ప్రింగ్‌లో మెథడ్ మీద @ట్రాన్సాక్షనల్ పెట్టాం, తేడా లేదు. — పాఠకుడు, కందుకూరు

జవాబు: స్టాకు 40 ఉందనుకుందాం. మొదటి కౌంటర్ 5 బస్తాలు, రెండోది 3 బస్తాలు ఒకే క్షణంలో అమ్మాయి. ఇద్దరి థ్రెడ్లూ డేటాబేసు నుంచి చెరో ‘సరుకు’ ఆబ్జెక్టు తెచ్చుకున్నాయి, రెండింట్లోనూ 40. ఒకటి 35 అని రాసింది. రెండోది తన దగ్గరున్న 40 లోంచి 3 తీసి 37 అని రాసింది. నిజంగా మిగిలింది 32. ఐదు బస్తాలు గాలిలోంచి పుట్టాయి.

ఆబ్జెక్టు అంటే డేటాబేసులోని వరుస కాదు, చదివిన క్షణానికి తీసుకున్న నకలు. @ట్రాన్సాక్షనల్ చేసే పని ‘అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు’ అని చూడటం. ఇద్దరు పాత విలువ చదవకుండా అది ఆపదు. ఒక ట్రాన్సాక్షన్ మార్పులు ఇంకోదానికి ఎంత కనిపించాలో చెప్పే స్థాయిలు కొన్ని ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్ మామూలుగా పాటించే రిపీటబుల్ రీడ్‌లోనూ, పోస్ట్‌గ్రెస్ పాటించే రీడ్ కమిటెడ్‌లోనూ పైన చెప్పినట్టే జరుగుతుంది.

మీ పనికి సరిపోయే దారి ఇది. చదివి, తీసివేసి, రాయడం మానేసి, తీసివేతను డేటాబేసుకే అప్పగించండి: ‘ఈ సరుకు స్టాకులోంచి 5 తీసెయ్, అయితే స్టాకు 5 కు తగ్గకుండా ఉంటేనే’ అని ఒకే అప్‌డేట్ వాక్యం. ఎన్ని వరుసలు మారాయో అది తిరిగి చెబుతుంది. 1 వస్తే బిల్లు రాయండి, 0 వస్తే ‘స్టాకు చాలదు’ అని చెప్పండి. అప్‌డేట్, బిల్లు రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. ఇలాంటి అప్‌డేట్ చేసినప్పుడు అప్పటికే చదివి పెట్టుకున్న ఆబ్జెక్టులో పాత అంకె అలాగే ఉంటుంది, స్క్రీన్ మీద దాన్ని చూపకండి, మళ్లీ చదవండి.

సరుకు వివరాలను ఫారంలో దిద్దే పేజీకి మాత్రం @వెర్షన్ కాలమ్ నయం. చదివినప్పటికీ రాసేటప్పటికీ వెర్షన్ మారి ఉంటే హైబర్నేట్ (జావాలో వాడే ఓఆర్‌ఎం) ఎర్రర్ ఇస్తుంది, వాడేవాళ్లు మళ్లీ ప్రయత్నిస్తారు. కౌంటర్ దగ్గర రైతు నిలబడి ఉండగా ‘మళ్లీ ప్రయత్నించండి’ అనడం బాగుండదు కాబట్టి బిల్లింగ్‌కు దాన్ని సూచించడం లేదు.

మీ కోడులో ఇంకొకటి కనిపించింది. ‘అమ్మకం’ అనే మెథడ్ అదే క్లాసులోని ‘స్టాకు తగ్గించు’ మెథడ్‌ను పిలుస్తోంది, @ట్రాన్సాక్షనల్ ఉన్నది రెండోదాని మీద. అక్కడ అది అసలు పనిచేయడం లేదు! స్ప్రింగ్ మీ ఆబ్జెక్టు ముందు ప్రాక్సీ అనే మరో ఆబ్జెక్టును నిలబెడుతుంది. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టేది ఆ ప్రాక్సీయే. బయటినుంచి పిలిస్తే ప్రాక్సీ గుండా వస్తుంది, లోపలినుంచి పిలిస్తే దాన్ని తాకదు. దాన్ని ‘అమ్మకం’ మీదికి మార్చండి. మీరు సొంతంగా రాసుకున్న చెక్డ్ ఎక్సెప్షన్ విసిరితే రోల్‌బ్యాక్ (చేసిన మార్పుల రద్దు) కాదన్నదీ గుర్తుంచుకోండి. రన్‌టైమ్ ఎక్సెప్షన్ నుంచి వచ్చేలా దాన్ని రాస్తే సరి.

ప్రశ్న: రొయ్యల కొనుగోలు లెక్కలు లారావెల్‌లో. కౌంట్‌ను (కిలోకు ఎన్ని రొయ్యలన్నదాన్ని) బట్టి ధర కట్టే కోడు ఒక బేస్ కంట్రోలర్లో పెట్టి, మిగతా కంట్రోలర్లన్నీ దాన్ని ఎక్స్‌టెండ్ చేసేలా రాశాను. ఇప్పుడు రాత్రిపూట తనంతట తాను నడిచే రిపోర్టు కమాండ్‌కు అదే లెక్క కావాలి, అది కంట్రోలర్ కాదు కదా? — పాఠకుడు, విడవలూరు

జవాబు: ఇన్‌హెరిటెన్స్ ఇక్కడ ఎందుకు సరిపోదో మీ ప్రశ్నే చూపిస్తోంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే ఎంత ధర అన్నది వ్యాపారం లెక్క. దానికి బ్రౌజర్‌తో పని లేదు. ఎంవీసీ (మోడల్, వ్యూ, కంట్రోలర్) పద్ధతిని ట్రీగ్వే రీన్‌స్కౌగ్ 1979లో జెరాక్స్ పార్క్‌లో రూపొందించినప్పుడు వెబ్బే లేదు. అందులో మోడల్ అంటే వ్యవహారపు జ్ఞానం ఉండే చోటు. డేటాబేసు టేబుల్‌కు అద్దంగా ఉండే క్లాసు ఒక్కటే మోడల్ అనుకోవడంతో, మిగతా లెక్కలన్నీ కంట్రోలర్లో పోగుపడుతున్నాయి.

దేన్నీ ఎక్స్‌టెండ్ చేయని మామూలు క్లాసు ఒకటి రాయండి. కన్‌స్ట్రక్టర్‌కు ఆ రోజు ధరల పట్టిక, మెథడ్‌కు కౌంట్, బరువు. తిరిగి వచ్చేది మొత్తం సొమ్ము. కంట్రోలర్ అయినా, రాత్రి కమాండ్ అయినా, ఫోన్ యాప్‌కు జవాబిచ్చే ఏపీఐ అయినా దాన్నే పిలుస్తాయి. సర్వర్ లేపకుండానే పరీక్షించవచ్చు. 50 కౌంట్‌కు కిలో 350 రూపాయలు, 60 కౌంట్‌కు 320 అనుకుంటే, మధ్య కౌంట్‌కు ఆ రెండు ధరల మధ్య ధరే కట్టాలని మీరు రాసిన నియమం ప్రకారం 55 కౌంట్‌కు 335 రావాలి. 412.5 కిలోలకు 1,38,187 రూపాయల 50 పైసలు. పట్టికలో ఉన్న అంకెలు, మధ్యవి, పట్టికకు పైనా కిందా పడేవి, సున్నా, అన్నిటికీ ఒక్కో టెస్టు రాయండి. పట్టికకు పైన గానీ కింద గానీ పడే కౌంట్ వస్తే ఏదో ఒక ధర కట్టకుండా ఎక్సెప్షన్ విసరండి, అక్కడ ఊహించి కట్టిన ధరతోనే రైతుతో గొడవ మొదలవుతుంది. సొమ్మును ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకంలో) పెట్టకండి. డేటాబేసులో డెసిమల్ కాలమ్, లెక్కలో పూర్ణాంకంగా పైసలు వాడి, సర్దుబాటు చివర ఒక్కసారే చేయండి.

ప్రశ్న: రైతుల పేర్లు తెలుగులో ఎక్కిస్తే కొన్ని పాత టేబుళ్లలో ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. — పాఠకురాలు, కనిగిరి

జవాబు: మైఎస్‌క్యూఎల్ పాత టేబుళ్లు తెలుగు అక్షరాలు లేని లాటిన్1 అనే ఎన్‌కోడింగులో ఉండి ఉంటాయి. ప్రశ్నార్థకాలుగా పడిన పేర్లు పోయినట్టే, తిరిగి రావు, మళ్లీ ఎక్కించాలి. అలా కాకుండా తలమీద గీతలూ చుక్కలూ ఉన్న లాటిన్ అక్షరాలు కనిపిస్తుంటే బైట్లు భద్రంగానే ఉన్నాయి, చదవడంలో తేడా వచ్చింది. బ్యాకప్ తీసుకోకుండా ఆ టేబుళ్లను మార్చొద్దు, నేరుగా మార్చితే రెండుసార్లు ఎన్‌కోడ్ అయి ఇంకా చిక్కుపడుతుంది. డేటాబేసు, టేబుల్, కాలమ్, కనెక్షన్ నాలుగూ తెలుగు పట్టే యూటీఎఫ్8ఎంబీ4 ఎన్‌కోడింగే అయి ఉండాలి. చాలాసార్లు మర్చిపోయేది కనెక్షన్‌ను.

కాలమ్ పొడవు కూడా చూసుకోండి. ‘నెల్లూరు’ కంటికి మూడక్షరాలు, డేటాబేసుకు ఎనిమిది: న, ఎత్వం, ల, పొల్లు, ల, దీర్ఘం, ర, కొమ్ము. ఒక్కోటి 3 బైట్ల చొప్పున 24 బైట్లు. ఇంగ్లిష్ పేర్లకని 20 పెట్టిన కాలమ్‌లో ఇంటిపేరుతో కలిపి తెలుగు పేరు పట్టదు, 100 పెట్టండి. ఫారంలో పొడవు తనిఖీ చేసే నియమాన్నీ అదే అంకెకు మార్చండి. లేకపోతే ఫారం ఒప్పుకున్న పేరును డేటాబేసు కాదంటుంది, వాడేవాళ్లకు 500 ఎర్రర్ తప్ప మరేమీ కనిపించదు.